చివరి భూములకు నీళ్లు

రేపల్లె నుంచి ఒకడు ఫుట్‌బాల్ గురించి మాట్లాడటానికి వచ్చాడంటే మీలో కొందరు నవ్వుకునే ఉంటారు. నవ్వుకోండి, నాకు అలవాటే. మా ఊరు రైలుకి ఆఖరి స్టేషను. తెనాలి దగ్గర చీలిన పట్టాలు వేమూరు, భట్టిప్రోలు దాటి వచ్చి, ఇక పోవడానికి చోటు లేక మా ఊళ్లో ఆగిపోతాయి. కాలువలదీ అదే కథ. ప్రకాశం బ్యారేజి దగ్గర వదిలిన నీళ్లు దారి పొడుగునా అందరి పొలాలూ తడిపి, మిగిలితే మా దాకా వస్తాయి. 'చివరి భూములకు నీరందక రైతుల ఆందోళన' అని మీరు వార్తల్లో వింటూ ఉంటారే, ఆ చివరి భూములు మావే. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి. ఫుట్‌బాల్లోకి దిగాక మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

నాది రొయ్యల సాగు. సొంతం కొంత, కౌలు కొంత. వనామి వేశాక రాత్రిళ్లు చెరువు గట్టునే పడక. సాయంత్రం మేత చల్లి, ట్రేలు లేపి ఎంత తిన్నాయో చూసుకుని, ఏరేటర్లు వేసి షెడ్డులో కూర్చుంటే ఇక తెల్లారేదాకా చేసే పనేమీ ఉండదు. అలాగని నిద్రపోవడానికీ లేదు. కరెంటు పోయి ఏరేటర్లు ఆగాయంటే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. ఆ తరవాత ఏం జరుగుతుందో రొయ్యల రైతుకి చెప్పనక్కర్లేదు, మిగతావాళ్లకి చెప్పినా నమ్మరు. అలాంటి కాపలా రాత్రుల్లో ఏడున్నరకి మొదలయ్యే ఇండియన్ సూపర్ లీగ్ నాకు తోడైంది. ఫోనును మేత బస్తాకి ఆనించి పెట్టుకుని, నేనూ మా బావా చూసేవాళ్లం. బావ నాకు చెరువులో భాగస్తుడు, ఆటలో ప్రతిపక్షం.

మా జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీ. 'మా' అన్నానని ఒకరిద్దరు అడిగారు, రాష్ట్రం విడిపోయాక పుట్టిన జట్టు, అక్కడి పేరు, రేపల్లెవాడికి అది ఎట్లా మాదవుతుందని. నిజమే, ఆ జట్టు 2019లో పుట్టింది. పుణె జట్టు మూతపడితే ఆ చోటులో హైదరాబాద్ వచ్చింది. దానికి నా దగ్గర రెండు జవాబులు ఉన్నాయి. మొదటిది, వాళ్లు ఆడిన గచ్చిబౌలి స్టేడియానికి జీఎంసీ బాలయోగి పేరు పెట్టారు. లోక్‌సభ స్పీకరుగా చేసిన ఆయన కోనసీమ మనిషి. మైదానమే మావాడి పేరు మీద ఉంటే జట్టు మాది కాకుండా ఎట్లా పోతుంది? ఇది వితండవాదమని నాకూ తెలుసు. రెండో జవాబు మాత్రం గట్టిది. దానికి కొంచెం వెనక్కి వెళ్లాలి.

సయ్యద్ అబ్దుల్ రహీం అని ఒక మాస్టారు ఉండేవారు హైదరాబాదులో. బళ్లో పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి ఆయన శిక్షణ ఇచ్చాడు. ఆ పోలీసులు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్పు పట్టుకొచ్చారు. కలకత్తా జట్లంటే దేశమంతా హడలిపోయే రోజుల్లో, 1950లోనే ఢిల్లీలో డ్యూరాండ్ కప్పు ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించారు. తరవాత రహీం మాస్టారు దేశం జట్టును నడిపాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం ఫుట్‌బాల్లో నాలుగో స్థానంలో నిలిచిందంటే ఈ కాలం పిల్లలు క్రికెట్ అనుకుంటారు. ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా మూడు గోల్సు కొట్టాడు. అజీజుద్దీన్, నూర్, సలాం, తులసీదాస్ బలరాం, జుల్ఫికర్, వీళ్లంతా హైదరాబాద్, సికింద్రాబాద్ గల్లీల్లో ఆట నేర్చుకున్నవాళ్లే. ఆ పోలీసు జట్టే తరవాత ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది. 1965-66లో సంతోష్ ట్రోఫీ గెలిచిన రాష్ట్రం పేరు ఆంధ్రప్రదేశ్. నేను పుట్టకముందు నా రాష్ట్రం పేరు మీద గెలిచిన కప్పు అది. కాబట్టి రాష్ట్రాలు ఎన్నయినా కానివ్వండి, ఆ వారసత్వంలో నాకూ ఒక సెంటు భూమి ఉంది.

కప్పుల లెక్క అలా ఉంచండి. నాకు రహీం మాస్టారి మీద గౌరవం కలిగించింది ఆయన పద్ధతి. కుర్రాళ్లకి పోటీలు పెట్టించేవాడట, బంతిని కాళ్ల మధ్య తిప్పుకుంటూ సొంతంగా పోవడానికి వీల్లేదు, తగలగానే పక్కవాడికి ఇచ్చేయాలి. ఇంకో రకం పోటీ, వాటం లేని కాలితోనే ఆడాలి. కుడి కాలివాడు ఎడమ కాలితో ఆడాలి. కుడిచేతి వాటం ఉన్నవాణ్ణి రెండో చేత్తో అన్నం తినమన్నట్టు ఉంటుంది కదా! కానీ ఆలోచించి చూడండి. బంతిని దాచుకోవడం మనిషికి సహజం, ఇవ్వడమే నేర్పాలి. ఆ నేర్పించేది ఆయన పోటీగా పెట్టాడు, ఉపన్యాసంగా పెట్టలేదు.

1962 జకార్తా ఏషియన్ గేమ్స్ నాటికి ఆయనకి క్యాన్సర్. అక్కడ జర్నైల్ సింగ్ అనే డిఫెండరు తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. వెనక నిలబడి ఎగిరి తలతో బంతులు కొట్టే పని అతనికి. కుట్లు పడ్డ తలతో అది ఎట్లా? ఇంకెవరైనా అయితే బెంచీ మీద కూర్చోబెడతారు. మాస్టారు అతణ్ణి తీసుకెళ్లి ముందు వరసలో గోలు కొట్టే చోట పెట్టాడు. సెమీఫైనల్లో ఒకటి కొట్టాడు, దక్షిణ కొరియాతో ఫైనల్లో ఇంకొకటి కొట్టాడు. పీకే బెనర్జీది ఒకటి. 2-1. స్టేడియం అంతా మనవాళ్లను గేలి చేస్తున్నా స్వర్ణం వచ్చింది. మరుసటి ఏడు జూన్‌లో మాస్టారు పోయారు. ఆయన కథతో 2024లో హిందీలో 'మైదాన్' సినిమా వచ్చింది. నేను చూశాను. బాగానే ఉంది గానీ, ఆ ఎడమకాలి పోటీలకి ఇంకో పది నిమిషాలు ఇచ్చి ఉంటే బాగుండేది. సినిమావాళ్లకి గోలు కావాలి, పాసు అక్కర్లేదు. మా బావ కూడా అదే బాపతు.

ఇప్పుడు మా జట్టులోకి వద్దాం.

మొదటి ఏడు సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే నిదానంగా చెప్పే సరుకు కాదు. 2019 అక్టోబరులో కలకత్తాలో మొదటి మ్యాచ్, 5-0తో ఓడారు. నవంబరు 2న గచ్చిబౌలిలో మొదటి సొంత మ్యాచ్, కేరళ బ్లాస్టర్స్‌తో. ముందు రోజు రాత్రి డెల్టా ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లాను. రాహుల్ కేపీ అనే కేరళ కుర్రాడు ముందు గోలు కొట్టాడు. ఈ పేరు కూడా గుర్తుంచుకోండి. తరవాత స్టాంకోవిచ్ పెనాల్టీతో సమం చేస్తే, మార్సెలీనో ఫ్రీకిక్‌తో గెలిపించాడు. గెలిచిన ఆనందంలో రాత్రి స్టేడియం బయట తిన్న బిర్యానీ రుచి ఇంకా నా నాలుక మీద ఉంది, అంతే. ఆ సీజను మొత్తంలో 18 మ్యాచ్‌లకి గెలిచినవి రెండే రెండు. పది జట్లలో పదో స్థానం.

2020 ఆగస్టులో మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ వచ్చాడు. కరోనా రోజులు. మ్యాచ్‌లన్నీ గోవాలో, ప్రేక్షకులు లేకుండా, ఆటగాళ్లను బయటికి రానివ్వకుండా. ఆయన వచ్చి చేసిన మొదటి పని పెద్దగా పేర్లు లేని భారతీయ కుర్రాళ్లని పదకొండు మందిలోకి తేవడం. ఉత్తరప్రదేశ్ కుర్రాడు ఆకాశ్ మిశ్రా, వయసు పద్దెనిమిది. అతన్ని ఎడమ పక్క వెనక పెట్టాడు. సిక్కిం కుర్రాడు ఆశిష్ రాయ్, కుడి పక్క వెనక. ఇద్దరూ ఫెడరేషన్ కుర్రాళ్ల జట్టయిన ఇండియన్ యారోస్ నుంచి వచ్చినవాళ్లే. ఒక సీజను తిరిగేసరికి 20 మ్యాచ్‌లలో ఓడినవి మూడే. మరి పైకి వెళ్లారా అంటే, వెళ్లలేదు! డ్రాలు పదకొండు. ఆఖరి మ్యాచ్‌లో గోవా మీద గెలిస్తే సెమీస్, అది కూడా 0-0. అయిదో స్థానం. ఆ రాత్రి బావ ఒక మాటన్నాడు.

"ఏందిరా బావా ఇది, ఓడరు, గెలవరు. అమ్ముడుపోని సరుకులా నిల్వ చేసుకుని కూర్చున్నారు."

నిజానికి బాగా చెప్పాడు. కానీ ఒప్పుకోలేదు నేను.

తరవాతి సీజనుకి నైజీరియా నుంచి బార్తొలొమ్యూ ఒగ్బెచే వచ్చాడు. 2002 ప్రపంచ కప్పులో పదిహేడేళ్లకే ఆడినవాడు, పారిస్‌లో పెరిగిన ఆట. మాకు వచ్చేసరికి ముప్పయ్యారు దాటాడు. 18 గోల్సు కొట్టాడు ఆ సీజనులో. లీగ్ చరిత్రలో ఒక సీజనుకి అంతకంటే ఎక్కువ అప్పటికి ఎవరూ కొట్టలేదు, గోవా ఆటగాడు కోరో ఒక్కడే సమానం. జట్టు మొత్తం 43 గోల్సు. లీగ్ దశలో రెండో స్థానం, 38 పాయింట్లు. ఇక మా బావకి పండగ. "నీ పక్కవాళ్లు, వెనకవాళ్లు ఎవరికి కావాలిరా? కొట్టేవాడొచ్చాడు, గెలుస్తున్నాం."

ఇక్కడే మా ఇద్దరికీ మూడేళ్లు తెగని వాదం. ఇప్పుడు మైకు నా దగ్గర ఉంది కాబట్టి నా పక్షమే మీకు వినిపిస్తాను. బావ షెడ్డులో కూర్చుని వింటూ ఉంటాడు, తిట్టుకుంటూ ఉంటాడు.

ఫుట్‌బాల్ చూడనివాళ్ల కోసం ఆ జట్టు ఎట్లా నిలబడేదో చెబుతాను. గోల్‌కీపరు ముందు నలుగురు. వాళ్ల ముందు ఇద్దరు. ఆ ఇద్దరి ముందు ముగ్గురు. కొసన ఒక్కడు, ఒగ్బెచే. బావ కన్ను ఎప్పుడూ ఆ కొసన ఉన్నవాడి మీదే. నా కన్ను వెనక వరసలో ఎడమ చివర, కుడి చివర ఉన్నవాళ్ల మీద ఉండేది. ఎందుకంటే మైదానం కూడా ఒక ఆయకట్టే. మధ్యలో నుంచి పోతే దగ్గరి దారి, అందరూ అటే పోవాలని చూస్తారు, ఎదుటి జట్టు కూడా అక్కడే గుంపుగా కాపు కాస్తుంది. గీత పక్కన, మైదానం అంచున ఉన్న నేల చివరి భూమి. బంతి అక్కడిదాకా పారిందంటే ఎదుటివాళ్లు గుంపు విప్పి అటు పరుగెత్తాలి. వాళ్లు అటు పరుగెత్తితే మధ్యలో గండి పడుతుంది. ఒగ్బెచే నిలబడేది ఆ గండిలో. మరి ఆ గోలు ఒగ్బెచేదా, గీత పక్క పరుగెత్తిన ఆకాశ్ మిశ్రాదా? స్కోరుబోర్డు మీద ఒక పేరే వస్తుంది. కాలువ చివర వరి పండితే కోసినవాడి ఫోటో వేసినట్టు ఉంటుంది అది.

ఆకాశ్‌ని మీరు చూసి ఉండాల్సింది. తొంభై నిమిషాలూ ఒక పక్కనే, పైకీ కిందకీ. దాడికి వెళ్లాడు, బంతి పోయిందనుకోండి, అప్పటికే వెనక్కి సగం దూరం వచ్చేసి ఉంటాడు. మా చెరువు గట్టు మీద రాత్రంతా తిరిగే కాపలా కుక్క గుర్తొచ్చేది నాకు. ఈ పోలిక వింటే అతను బాధపడతాడేమో, నేను మాత్రం మెచ్చుకోలుగానే అన్నాను. ఆశిష్ రాయ్ అంత పరుగు కాదు, కొలిచి కొట్టేవాడు. ఎప్పుడు వెళ్లాలో, ఎప్పుడు ఆగాలో అతనికి తెలుసు.

ఇద్దరు చివరివాళ్లూ ఒకేసారి పైకి పోతే వెనక ఖాళీ కదా అని అడుగుతారు. సరైన ప్రశ్న. అందుకే మధ్యలో ఆ ఇద్దరు. బ్రెజిల్ ఆటగాడు జువావ్ విక్టర్, అతని పక్కన సౌవిక్ చక్రవర్తి, కొన్నిసార్లు హితేశ్ శర్మ. జువావ్ ఆట టీవీలో కనపడదు. నిజంగానే. కెమెరా బంతి వెంట పోతుంది, అతను బంతి రాబోయే చోట ముందే నిలబడి ఉంటాడు. లాకుల దగ్గర తలుపు దించేవాడు ఉంటాడే, నీళ్లు ఎటు ఎంత వదలాలో తెలిసినవాడు, అతనే. వెనక మణిపూర్ ఆటగాడు చింగ్లెన్‌సానా, పక్కన స్పెయిన్ నుంచి వచ్చిన హువానన్. సానా అరవడు, పడిపోడు, కాళ్లు పట్టుకుని దొర్లడు. చూడటానికి విసుగ్గా ఆడతాడు. డిఫెండరు ఆట అట్లాగే ఉండాలి.

తప్పులు లేవా అంటే, ఉన్నాయి. అభిమానిని గానీ భజనపరుణ్ణి కాను. మనోలోకి ఒక బలహీనత ఉంది. ఆధిక్యంలోకి వస్తే జట్టును కాస్త వెనక్కి లాగేవాడు. ఎప్పుడైనా ఎదుటివాళ్లు బాగా కిందకి దిగి, చివరి భూములకు కూడా గట్టు కట్టేశారంటే మాకు ఇంకో దారి ఉండేది కాదు. 2023 సెమీఫైనల్లో అదే జరిగింది. ఏటీకే మోహన్ బగాన్‌తో రెండు మ్యాచ్‌లు, రెండూ 0-0. నూట ఎనభై నిమిషాలు, ఆపైన అదనపు సమయం, ఒక్క గోలు లేదు. పెనాల్టీల్లో 4-3తో పోయింది. ఆశిష్ రాయ్ ఆ ఏడు మా జట్టులో లేడు, మోహన్ బగాన్‌కే వెళ్లిపోయాడు. కుడి పక్క కాలువ ఎండిపోయిందని నేను ఆ సీజనంతా మొత్తుకున్నాను. ఒగ్బెచే ఉన్నాడుగా అన్నాడు బావ. ఉన్నాడు, పది గోల్సు కొట్టాడు కూడా. నిరుటి పద్దెనిమిదిలో తగ్గిన ఎనిమిదీ ఎక్కడికి పోయాయంటే బావ మాట మార్చి మేత రేట్ల గురించి మాట్లాడతాడు.

కానీ 2022 మార్చి 20 రాత్రి గురించి చెప్పకుండా ఎట్లా? ఫైనల్. గోవా, ఫతోర్డా మైదానం. ఎదురుగా కేరళ బ్లాస్టర్స్. రెండు జట్లకీ పసుపు చొక్కాలే. లీగులో పైన ఉన్నామని పసుపు మాకు ఇచ్చారు, వాళ్లు నలుపు వేసుకున్నారు. కానీ గ్యాలరీ నిండా కేరళవాళ్లు, అందరివీ పసుపు చొక్కాలు. మైదానంలో పసుపు మాది, చుట్టూ పసుపు వాళ్లది. ఫోనులో చూస్తుంటే ఎవరు ఎవరి కోసం అరుస్తున్నారో ఒక పట్టాన తెలిసేది కాదు. 68వ నిమిషంలో దూరం నుంచి ఒక షాటు, మా కీపరు కట్టిమణి చేయి తగిలినా ఆగలేదు. కొట్టింది ఎవరో చెప్పాలా? రాహుల్ కేపీ. గచ్చిబౌలిలో మొదటి మ్యాచ్‌లో కొట్టిన కుర్రాడే.

బావ లేచి వెళ్లి ట్రేలు చూసుకుంటానన్నాడు. నేను కూర్చోబెట్టాను. ఆట 85 నిమిషాలు దాటింది. అప్పుడు పోయింది కరెంటు.

చెరువు ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. ఏరేటర్ల చప్పుడు ఆగితే రొయ్యల రైతుకి గుండె ఆగినంత పని. ఫోను బావ చేతిలో పడేసి జనరేటరు దగ్గరికి పరుగెత్తాను. చీకట్లో హ్యాండిల్ దొరకదు. దొరికితే తిరగదు. మూడోసారి తిప్పితే అందుకుంది. అదే క్షణంలో షెడ్డులో నుంచి ఒక కేక. పాము కరిచిందనుకున్నాను. తీరా చూస్తే బావ ఫోనును రెండు చేతులతో పట్టుకుని గట్టు మీద గంతులేస్తున్నాడు. 88వ నిమిషంలో సాహిల్ తవోరా పెనాల్టీ బాక్సు బయట నుంచి నేల తాకకుండా కొట్టిన షాటు. గోవా కుర్రాడు, బెంచీ మీద నుంచి వచ్చినవాడు. నేను నాలుగేళ్లు చూసిన జట్టులో అతి గొప్ప గోలు అది, నేను చూడనిదీ అదే. రీప్లేలో వందసార్లు చూశాను, లెక్కలోకి రాదు. ఇంకా విచిత్రం, ఆ గోలు కొట్టింది ఒగ్బెచే కాదు. బావ ఈ సంగతి గమనించలేదు. నేనూ ఆ రాత్రికి ఎత్తి చూపలేదు.

పెనాల్టీలు. ఇక్కడ లక్ష్మీకాంత్ కట్టిమణి గురించి ఒక మాట. 2015లో ఇదే ఫతోర్డాలో, ఇదే లీగ్ ఫైనల్లో, అతను గోవా జట్టుకి కీపరు. సొంతూరి జట్టు. 2-1తో గెలుపు చేతిలో ఉండగా ఆట ఆఖరులో బంతి అతని చేతుల మీదుగా సొంత గోలులోకే పోయింది. మరో రెండు నిమిషాలకి చెన్నై ఇంకోటి కొట్టి కప్పు పట్టుకుపోయింది. ఆరేళ్లకి పైగా ఆ మచ్చ మోసిన మనిషి మళ్లీ అదే గడ్డ మీద, అదే గీత మీద నిలబడ్డాడు. లెస్కోవిచ్‌ది ఆపాడు. నిశు కుమార్‌ది ఆపాడు, గీత దాటి ముందుకొచ్చావని మళ్లీ కొట్టించారు, మళ్లీ ఆపాడు. జీక్సన్‌ది ఆపాడు. మా వైపు అసోం కుర్రాడు హాలీచరణ్ నర్జారీ ఆఖరిది లోపల పెట్టాడు. 3-1. బావ కళ్లు తుడుచుకున్నాడు. డీజిల్ పొగ అన్నాడు.

ఆ రాత్రి ఒక విషయం మాత్రం నన్ను కలవరపెట్టింది, ఇప్పటికీ పెడుతోంది. మైదానంలో దిగిన మా ఆటగాళ్లలో ఒక్క తెలుగు కుర్రాడూ లేడు. రహీం మాస్టారి ఊరి పేరు పెట్టుకున్న జట్టు! గల్లీకి ఒక ఒలింపిక్ ఆటగాడిని ఇచ్చిన ఊరు. మా రేపల్లె కాలేజీ గ్రౌండులో చూడండి, పొద్దున్నే వాలీబాల్, సాయంత్రం క్రికెట్. ఫుట్‌బాల్ ఉందంటే అది వాన పడి పిచ్ తడిసిన రోజు. తప్పు కుర్రాళ్లది కాదు, వాళ్లకి ఎవరూ బంతి ఇవ్వలేదు. ఇచ్చినచోట ఏమవుతుందో నిజామాబాద్ నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్యను చూస్తే తెలుస్తుంది. దేశం మహిళల జట్టులో ఆడుతోంది, క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కీ ఆడి వచ్చింది. ఆమె ఆడే చోటు ఏదనుకుంటున్నారు? వింగు. గీత పక్క, చివరి భూమి.

తరవాతిది చెప్పడానికి నాకు మనసొప్పదు గానీ చెప్పాలి. 2023 వేసవిలో మనోలో గోవా జట్టుకి వెళ్లిపోయాడు. ఆకాశ్ మిశ్రా ముంబైకి వెళ్లాడు. ఒగ్బెచే వెళ్లిపోయాడు. బకాయిల గొడవలు పత్రికలకెక్కాయి, కొత్త ఆటగాళ్లని తీసుకోకుండా ఫిఫా నిషేధం పడింది. జనవరి కల్లా విదేశీ ఆటగాళ్లు దాదాపు ఖాళీ. మిగిలిన పిల్లలతో ఆడించారు. 22 మ్యాచ్‌లకి ఒకటే గెలుపు, 16 ఓటములు, 8 పాయింట్లు, ఆఖరి స్థానం. ఇది జరిగింది కప్పు గెలిచిన రెండేళ్లకే. ఆ పిల్లలను నేను తిట్టను. చెన్నై మీద గెలిచిన ఆ ఒక్క రాత్రి వాళ్లు పడ్డ సంబరం చూస్తే కప్పు గెలిచిన రాత్రి కూడా చిన్నదనిపించింది. తరవాతి ఏడు పదమూడు జట్లలో పన్నెండు. 2025లో యాజమాన్యం జట్టును ఢిల్లీకి తరలించి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చింది.

అట్లా అయిపోయింది. ఓడిన జట్టు వెంట ఉండటం తెలుసు నాకు. ఊరు వదిలిపోయిన జట్టు వెంట ఎట్లా ఉంటారో తెలియదు. షెడ్డులో మేకుకి వేలాడే పసుపు చొక్కాకి ఇప్పుడు ఏ ఊరి పేరు చెప్పాలి? బావ దానితో చేతులు తుడుచుకోబోతే ఒకసారి గట్టిగానే అరిచాను. అప్పుడు తెలిసింది, నాలో ఆ అభిమానం ఇంకా చావలేదని.

ఇప్పుడు మేము జట్టు లెక్కన కాదు, మనుషుల లెక్కన చూస్తున్నాం. ఆకాశ్ ఆడితే ఆకాశ్ కోసం, ఆశిష్ ఆడితే ఆశిష్ కోసం. మొన్నొక రాత్రి ఆకాశ్ ఎడమ గీత పక్క పరుగెత్తి బంతి లోపలికి వేశాడు. ముందున్నవాడు పైనుంచి కొట్టి పోగొట్టాడు. నేనేమీ అనకముందే బావ అన్నాడు, "మనవాడు నీళ్లు అక్కడిదాకా తెచ్చాడ్రా, వీడికి కొయ్యడం రాలేదు." మూడేళ్ల వాదం అది. గెలిచానని నేను ఎగరలేదు, ట్రే చూడటానికి లేచాను.

పోయిన వానాకాలం ఓ సాయంత్రం కాలేజీ గ్రౌండు పక్కనుంచి బండి మీద వస్తున్నాను. పిచ్ తడిసింది, కుర్రాళ్లు బురదలో ఫుట్‌బాల్ ఆడుతున్నారు. పదిహేను మంది బంతి చుట్టూ ఈగల్లా మూగి ఉన్నారు. ఎడమ పక్క గోడ వారగా ఒక సన్నపాటి పిల్లాడు ఒంటరిగా నిలబడి చేయెత్తి ఊపుతున్నాడు. ఎవడూ చూడటం లేదు. బండి ఆపి అరిచాను, "ఒరేయ్, ఆ గోడ పక్కవాడికి ఇవ్వండ్రా!" అందరూ ఆగి నా వైపు చూశారు, ఎవడ్రా ఈయన అన్నట్టు. ఒకడు మాత్రం ఏమనుకున్నాడో ఏమో, బంతిని అటు తన్నాడు. పిల్లాడు పరుగెత్తాడు. బంతి బురదలో జారి, అతన్ని దాటి, గోడ సందులోంచి కాలువలో పడింది.

పిల్లాడు చెప్పులు విప్పి కాలువలోకి దిగుతున్నాడు. నేను బండి స్టార్టు చేశాను. చెరువు దగ్గర మేత వేళ దాటిపోతోంది.